1962 రెజాంగ్ లా జవాన్ (1/6 బొమ్మ): చేతిలో ఎస్‌ఎల్‌ఆర్ పెట్టొచ్చా?

బొమ్మల_శీను (రాజమండ్రి)
అందరికీ నమస్కారం అండి. నాలుగు నెలల్నుంచి ఒక 12 అంగుళాల బొమ్మ మీద పని చేస్తున్నా, రెజాంగ్ లా జవాన్. లడఖ్‌లోని ఆ కనుమ దగ్గర చైనావాళ్లతో పోరాడిన 13 కుమావూన్ పటాలం, చార్లీ కంపెనీ, 1962 నవంబర్ 18. మన ఆర్మీ 1962 నాటి బొమ్మ రెడీమేడ్‌గా నాకు ఎక్కడా దొరకలేదు, అందుకని తల ఒకచోట, బాడీ ఒకచోట, బూట్లు ఇంకోచోట అలా ఒక్కోటీ పోగేసుకుంటూ వచ్చా. తుపాకీ కోసం ఆన్‌లైన్‌లో ఒకతని దగ్గర "ఇండియన్ సోల్జర్ సెట్" అని ఉంటే కొన్నా, అందులో ఎస్‌ఎల్‌ఆర్ (సెల్ఫ్ లోడింగ్ రైఫిల్) ఒకటి, హెల్మెట్ ఒకటి, బెల్టు, పౌచులు వచ్చాయి. ఎస్‌ఎల్‌ఆర్ చాలా బాగుంది, మ్యాగజైన్ (తూటాల డబ్బా) కూడా ఊడొస్తుంది. నిన్న ఫోటో పెడితే ఒకాయన పర్సనల్‌గా మెసేజ్ చేశారు, "బాబూ ఆ తుపాకీ తప్పు" అని. అంతకుమించి ఏం చెప్పలేదు. నిజంగా తప్పేనా? తెలిసినవాళ్లు చెప్పండి, ఇంకా జిగురు పెట్టలేదు.

పాత_సుబేదార్ (ప్రకాశం జిల్లా)
శీనూ, మెసేజ్ చేసింది నేనే. ఫోన్లో పెద్దగా టైప్ చేయలేక అక్కడ వదిలేశా, ఇప్పుడు మా మనవడు టైప్ చేస్తున్నాడు, నేను చెప్తున్నా.
ఎస్‌ఎల్‌ఆర్ మన ఇషాపూర్ ఫ్యాక్టరీలో తయారై జవాన్ల చేతికొచ్చింది 1962 యుద్ధం అయిపోయాకే. 1965లో కూడా చాలా పటాలాల దగ్గర ఇంకా పాత రైఫిలే ఉంది, 1971 నాటికి ఎస్‌ఎల్‌ఆర్ బాగా అలవాటైపోయింది. నేను 1981లో చేరా, పన్నెండేళ్లకి పైనే ఎస్‌ఎల్‌ఆర్ మోశా, దాని బరువు ఇప్పటికీ భుజానికి గుర్తుంది. మంచి రైఫిల్. కానీ రెజాంగ్ లాలో అది లేదు. అక్కడ ఉన్నది త్రీ నాట్ త్రీ, అంటే .303 లీ ఎన్‌ఫీల్డ్ రైఫిల్. ప్రతి రౌండుకీ (తూటాకీ) బోల్టు పైకెత్తి వెనక్కి లాగి, ముందుకు తోసి, కిందికి నొక్కి, అప్పుడు ట్రిగ్గర్. పదహారు వేల అడుగుల ఎత్తులో, నవంబర్ చలిలో, కొంకర్లు పోయిన వేళ్లతో ఆ పని చేశారు వాళ్లు. ఎదురుగా వచ్చినవాళ్ల దగ్గర ఆటోమేటిక్ తుపాకులున్నాయి. నువ్వు బొమ్మ చేతిలో ఎస్‌ఎల్‌ఆర్ పెడితే వాళ్ల దగ్గర లేనిదాన్ని ఉన్నట్టు చూపించినట్టవుతుంది నాయనా. ఉన్నదే పెట్టు.

మైక్రో_మహేష్
సుబేదార్ గారంటే చాలా గౌరవం అండి, కానీ నా మనసులో మాట చెప్తా. ఇది బొమ్మ. మా అబ్బాయికి ఏడేళ్లు, షెల్ఫులో మన జవాన్ బొమ్మ చూస్తే చాలు సెల్యూట్ కొడతాడు, వాడికి ఎస్‌ఎల్‌ఆర్ ఏంటి త్రీ నాట్ త్రీ ఏంటి. నాలుగు నెలలు కష్టపడ్డ మనిషిని ఇంత చిన్న విషయానికి వెనక్కి లాగడం అవసరమా అని నాకనిపిస్తుంది. చూడ్డానికి బాగుండాలి, మన సైనికుడిలా ఉండాలి, అంతే కదా.

కరీంనగర్_కిట్టు
మహేష్ అన్నా, పిల్లలు ఆడుకునే బొమ్మైతే నువ్వు చెప్పింది కరెక్టే, దాన్ని ఎవ్వలు కాదంటరు. గని శీను అన్న బొమ్మ కింద పేరు రాస్తున్నడు గద, "రెజాంగ్ లా, 18 నవంబర్ 1962" అని. పేరు, తారీఖు రాసినంక అది గా రోజుదే కావాలె. తారీఖు రాయకపోతే నేను కూడా ఏమనకపోదు.
నేను కార్గిల్ బొమ్మ చేసినప్పుడు గిదే అయింది. ఒకాయన అమ్మిన సెట్ల టావోర్ తుపాకీ వచ్చింది, మన ఆర్మీల టావోర్ ఆర్డరే 2002ల ఇచ్చిన్రు, కార్గిల్ 1999. ఇంకో సెట్ల యూనిఫామేమో 2022 జనవరిల కొత్తగ చూపెట్టిన డిజిటల్ ప్యాటర్న్. 1999 జవానుకి 2022 బట్టలు! చివరికి అప్పటి మన ఆర్మీ రైఫిల్ ఇన్సాస్ వెతికి పెట్టిన. ఇన్సాస్ మ్యాగజైన్ లోపలి రౌండ్లు కనిపించేటట్టు ఉంటది గద, గా చలికి పగిలినయని అప్పట్ల మస్తు రాసిన్రు. నేను దాన్ని పసుపు కలిసిన రెజిన్‌తో పోసిన, లైటుకు పెడితే లోపలి రౌండ్లు కనిపిస్తయి. మూడు సార్లు పగిలింది పోసేటప్పుడు, నాలుగోది నిలబడ్డది.

బొమ్మల_శీను
సుబేదార్ గారూ, చాలా థాంక్స్ అండి, మీ మనవడికి కూడా. మీరు చెప్పాక రాత్రంతా ఆ ఎస్‌ఎల్‌ఆర్ చూస్తూ కూర్చున్నా. తీసేస్తున్నా. మహేష్ గారూ మీరు నా కష్టం గురించి అన్నారని తెలుసు, తప్పుగా అనుకోలేదు.
ఇప్పుడు ప్రశ్న ఏంటంటే త్రీ నాట్ త్రీ ఎక్కడ దొరుకుతుంది? బ్రిటిష్ పారాట్రూపర్ 1944 బొమ్మది ఒక రైఫిల్ నా దగ్గర ఉంది, లీ ఎన్‌ఫీల్డే, అది పెట్టేయొచ్చా?

విజయనగరం_ఎన్‌సీసీ
పెట్టొద్దు బ్రదర్!! అది నంబర్ 4. మనది నంబర్ 1 మార్క్ 3. రెండూ లీ ఎన్‌ఫీల్డే, రెండిట్లో .303 రౌండే, కానీ దూరం నుంచి చూసినా తెలిసిపోతాయి. నంబర్ 4కి ముందు చెక్క అయిపోయాక బ్యారెల్ కొంచెం బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది. మన దానికి చెక్క మూతి దాకా వచ్చేస్తుంది, చివర్లో మొండి ముక్కు లాంటి ఇనప తొడుగు ఉంటుంది, దాని కిందే బాయ్‌నెట్ తగిలించే మొన. ఇంకా వెనక సైట్ (గురి చూసేది) నంబర్ 4కి బోల్టు దగ్గర, కంటికి దగ్గరగా ఉంటుంది, మన దానికి ముందుకి బ్యారెల్ మీద ఉంటుంది. బాయ్‌నెట్ కూడా నంబర్ 4ది మేకులా ఉంటుంది, మన రైఫిల్‌కి కత్తిలా ఉంటుంది.
నాకెలా తెలుసంటే కాలేజీలో మూడేళ్లు ఎన్‌సీసీలో డ్రిల్ చేసింది ఆ రైఫిల్‌తోనే, పరేడ్ అయ్యేసరికి కుడి భుజం మీద ఎర్రగా గీత పడేది. మన ఊళ్లో ముప్పై నలభై ఏళ్లు దాటినవాళ్లందరూ పోలీస్ స్టేషన్ సెంట్రీ చేతిలో ఆ రైఫిల్ చూసే ఉంటారు, ఒక్కసారి కళ్లు మూసుకుని గుర్తు తెచ్చుకోండి, ఆ మొండి ముక్కే ముందు కనిపిస్తుంది.

కరీంనగర్_కిట్టు
ఇంకొకటి కూడ చెప్పాలె. నెట్ల "ఇండియన్ ఎన్‌ఫీల్డ్" అని కొడితే మ్యాగజైన్ డబ్బా లెక్క నలుచదరంగ ఉన్న ఫోటోలు మస్తు వస్తయి. అది 2ఎ, 2ఎ1. అదే రైఫిల్‌ని 7.62 రౌండుకు మార్చి ఇషాపూర్‌లనే చేసిన్రు, గది రెజాంగ్ లా రైఫిల్ కాదు. .303 మ్యాగజైన్ ముందుకు ఏటవాలుగ ఉంటది. గా ఫోటో చూసి చేస్తే మల్ల తప్పే.
దొరికే జాగ చెప్త. మొదటి ప్రపంచ యుద్ధం బ్రిటిష్ సిపాయి బొమ్మలు, గల్లిపోలి ఆస్ట్రేలియా సిపాయి బొమ్మలు ఉంటయి, వాటికి నంబర్ 1 మార్క్ 3 వస్తది. గా రైఫిల్ ఒక్కటే విడిగ అమ్మేటోళ్లుంటరు. పౌచులు మాత్రం దానియి తీసుకోకు. అవి 1908 ప్యాటర్న్, బెల్టుకు అటు ఐదు ఇటు ఐదు చిన్న చిన్న సంచులు. మనకు కావాల్సింది 1937 ప్యాటర్న్, ముందట రెండు పెద్ద పౌచులు. గది రెండో ప్రపంచ యుద్ధం బ్రిటిష్ బొమ్మల దొరుకుతది. అంటే రైఫిల్ తాతది, బెల్టు తండ్రిది అన్నట్టు. మన జవాను 1962ల నిజంగ మోసింది కూడ గదే గద, గందుకే బాధైతది.

పాత_సుబేదార్
కిట్టు చక్కగా చెప్పాడు. ఆ పెద్ద పౌచులు ఎందుకంత పెద్దవో తెలుసా, ఎల్‌ఎంజీ (లైట్ మెషిన్ గన్) మ్యాగజైన్లు పట్టాలని. సెక్షన్‌లో, అంటే చిన్న దళంలో, ప్రతివాడూ ఎల్‌ఎంజీ కోసం మ్యాగజైన్లు మోసేవాడు. కాబట్టి శీనూ, నీ బొమ్మ పౌచు మూత తెరిచి పెట్టాలనుకుంటే లోపల బ్రెన్ (అప్పటి ఎల్‌ఎంజీ) మ్యాగజైన్ పెట్టు, తప్పు కాదు. కానీ వంకర మ్యాగజైనే పెట్టాలి. .303 రౌండుకి వెనక అంచు ఉంటుంది, ఒకదాని మీద ఒకటి పేర్చితే వంపు తిరుగుతుంది, అందుకే ఆ మ్యాగజైన్ అరటిపండులా ఉంటుంది. తర్వాత 7.62కి మార్చిన ఎల్‌ఎంజీ మ్యాగజైన్ దాదాపు నిటారుగా ఉంటుంది, నేను వాడింది అదే. ముప్పై పట్టే మ్యాగజైన్‌లో ఇరవై ఎనిమిదే నింపేవాళ్లమని మాకు నేర్పిన పాత ఉస్తాదులు చెప్పేవాళ్లు, స్ప్రింగు మీద బరువు పడకూడదని.

డాలస్_వంశీ
ఈ థ్రెడ్ చదువుతుంటే చాలా సంతోషంగా ఉంది. నేను ఇక్కడ అమెరికన్ పారాట్రూపర్లు కలెక్ట్ చేస్తా, నార్మండీ, 1944 జూన్. అక్కడ కూడా ఇదే కథ. పారాట్రూపర్లకి మడత బట్ (భుజానికి ఆనించే వెనక భాగం) ఉన్న ఎమ్1ఎ1 కార్బైన్, అంటే పొట్టి రైఫిల్, ఇచ్చారు కదా, చాలా బొమ్మల్లో ఆ కార్బైన్ మూతి కింద బాయ్‌నెట్ తగిలించే దిమ్మ ఉంటుంది. ఆ దిమ్మ యుద్ధం చివర్లో వచ్చింది, నార్మండీలో దిగిన కార్బైన్‌కి లేదు. నేను బ్లేడుతో కోసి, సన్నటి గరుకు కాగితంతో రుద్ది, నల్ల పెయింట్ వేస్తా, పది నిమిషాల పని.
థాంప్సన్ తుపాకీకి గుండ్రటి డ్రమ్ మ్యాగజైన్ తగిలించి అమ్మేవాళ్లు కూడా ఉన్నారు. డ్రమ్ పట్టేది 1928 మోడల్‌కే, తర్వాత వచ్చిన ఎమ్1, ఎమ్1ఎ1 థాంప్సన్లకి డ్రమ్ అసలు ఎక్కదు. సినిమా పోస్టర్లా బాగుంటుందని పెడతారు.
ఇంకోటి, 101వ డివిజన్ వాళ్లకి చీకట్లో ఒకరినొకరు గుర్తుపట్టడానికి టిక్ టిక్ మని చప్పుడు చేసే చిన్న ఇత్తడి క్రికెట్ ఇచ్చారు. నేను మొదట్లో తెలీక 82వ డివిజన్ బొమ్మకి కూడా మెడలో అది వేలాడదీశా. తర్వాత తెలిసి తీసేశా. హెల్మెట్ మీద పేకముక్క గుర్తులు కూడా అంతే, 101లో 506 రెజిమెంట్‌కి ఇస్పేటు, 502కి ఆటీను, 501కి డైమండు. ఎవరికి ఏదో చూసుకోకుండా వేస్తే ఆ మనిషి వేరే పటాలం మనిషైపోతాడు.
నా పద్ధతి ఒకటే. ముందు ఒక తేదీ, ఒక యూనిట్, అందులో ఆ మనిషి పని ఏంటి, ఈ మూడూ కాగితం మీద రాసుకుంటా. ఆ తర్వాతే డబ్బా తెరుస్తా.

మైక్రో_మహేష్
ఒప్పుకుంటున్నా అండి, తేదీ రాశాక ఆ మాట వేరు. కిట్టు తమ్ముడు చెప్పింది నాకు ఎక్కింది. ఒక డౌట్: అసలు ఈ 12 అంగుళాల బొమ్మలు మొదట్నుంచీ ఇంత పక్కాగా చేసేవాళ్లా?

డాలస్_వంశీ
లేదు మహేష్ గారూ. ఈ రకం బొమ్మలకి మొదలు 1964లో వచ్చిన జీఐ జో, హాస్‌బ్రో వాళ్లది. పిల్లల ఆట కోసమే చేశారు. 1966లో బ్రిటన్‌లో పాలిటాయ్ వాళ్లు దాన్నే యాక్షన్ మ్యాన్ పేరుతో తెచ్చారు. జీఐ జో కుడి చేతి బొటనవేలి గోరు పైవైపు కాకుండా లోపలివైపు ఉంటుంది, అచ్చులో జరిగిన పొరపాటు. దాన్ని అలాగే ఉంచేశారు, కాపీ కొట్టినవాళ్లని పట్టుకోవడానికి ఆ గోరే పనికొచ్చింది. 1990ల చివర్లో హాంకాంగ్ కంపెనీలు దిగాక బకిల్స్, కుట్లు, పౌచు బొత్తాలు అన్నీ 1/6లో అచ్చం అలాగే చేయడం మొదలైంది, పెద్దవాళ్లు కొనడం కూడా అప్పుడే పెరిగింది. 1,500కి కొనే బొమ్మ వేరు, 20,000 పోసి కొనే బొమ్మ వేరు కదా, అంత పెట్టినప్పుడు ఆ బాయ్‌నెట్ దిమ్మ కూడా సరిగ్గా ఉండాలని అడుగుతాం.

బొమ్మల_శీను
అప్‌డేట్: విదేశం నుంచి ఆ రైఫిల్ తెప్పించుకుందాం అనుకున్నా. కానీ తుపాకీ ఆకారం ఉన్న వస్తువని నా పార్సిల్ ఇంతకుముందు ఒకసారి ఆగిపోయింది, రెండు నెలలు తిరిగినా రాలేదు, డబ్బులు పోయాయి. మళ్లీ ఆ రిస్క్ తీసుకోలేను. ఇక్కడే చేసుకునే దారేదైనా ఉందా?

లక్కబొమ్మ_లత (యలమంచిలి)
శీను గారూ, నేను చేసిస్తా. మా ఇంట్లో మూడు తరాలుగా ఏటికొప్పాక బొమ్మల పని. అంకుడు కర్రకి గీత సన్నగా ఉంటుంది, మెత్తగా తెగుతుంది, చిన్న వస్తువుకి దాన్ని మించింది లేదు. ప్లాస్టిక్ మీద ఎంత బాగా గోధుమ రంగేసినా ప్లాస్టిక్‌లాగే కనిపిస్తుంది, చెక్క చెక్కే. కొలతలు మాత్రం మీరే ఇవ్వాలి, నాకు తుపాకుల గురించి తెలీదు.

విజయనగరం_ఎన్‌సీసీ
లత గారూ రైఫిల్ మొత్తం పొడవు 44 అంగుళాల పైన, అంటే 113 సెంటీమీటర్లు. ఆరుతో భాగిస్తే 18.8 సెం.మీ. శీను బ్రో దగ్గరున్న ఎస్‌ఎల్‌ఆర్ కూడా దాదాపు అంతే, 19 సెం.మీ. ఉంటుంది, పొడవు అంచనాకి దాన్ని పక్కన పెట్టుకోవచ్చు. బాయ్‌నెట్ పెడితే 1907 ప్యాటర్న్ కత్తి 17 అంగుళాలు, 7.2 సెం.మీ. కింద వస్తుంది. యుద్ధ కాలంలో మన దగ్గర 12 అంగుళాలకి కుదించిన కత్తులు కూడా చేశారు, అదైతే 5 సెం.మీ. బ్యారెల్‌కి పై చెక్క, కింది చెక్క రెండూ ఉంటాయి, మధ్యలో గీత కనపడాలి. మ్యాగజైన్‌కి కొంచెం ముందు చెక్కలోంచి అడ్డంగా ఒక మర ఉంటుంది, ఇషాపూర్ రైఫిల్ అని గుర్తు పట్టేది దాంతోనే, చిన్న చుక్క పెట్టినా చాలు.

లక్కబొమ్మ_లత
తొమ్మిది రోజులు పట్టింది. ఫోటోలు పెట్టా చూడండి. మొదటిది బట్ దగ్గర, సన్నటి మెడ ఉంటుంది కదా, అక్కడ విరిగింది. రెండోదానికి కర్ర గీత బట్ వంపు వెంబడి వెళ్లేలా తిప్పి చెక్కా, నిలబడింది. రంగు కోసం లక్క వేయలేదు, లక్క వేస్తే మెరుస్తుంది, బొమ్మ గుర్రంలా ఉంటుంది. చిక్కటి టీ డికాక్షన్ మూడు పూతలు పూసి ఆరాక అవిసె నూనెతో గుడ్డపెట్టి రుద్దా. సుబేదార్ గారు ఫోన్లో చెప్పారు, నిజం రైఫిళ్ల చెక్కకి కూడా అవిసె నూనే రాసేవాళ్లని. బట్ వెనక ఇత్తడి రేకు, మా అమ్మ పాత కుంకుమ భరిణ మూత కత్తిరించి పెట్టా. బోల్టు గుండుకి గుండుసూది తల పెట్టా.

పాత_సుబేదార్
అమ్మా లతా, ఆ ఇత్తడి రేకు చూసి నాకు మాట రాలేదు. కోత్‌లో (తుపాకులు దాచే గదిలో) వరసగా నిలబెట్టిన రైఫిళ్ల వెనక ఇలాగే మెరిసేది. డబ్బులేం పుచ్చుకోనందిట శీను దగ్గర, నీ చేతికి దండం.

కరీంనగర్_కిట్టు
అక్కా మస్తుంది. ముక్కు దగ్గర కరెక్ట్ గదే మొండి ఆకారం వచ్చింది. శీను అన్నా, హెల్మెట్ కూడ చూసుకో, నువ్వు పెట్టిన ఫోటోల ఉన్నది తాబేలు డిప్ప లెక్కుంది, గది 1944ల బ్రిటిషోళ్లకు వచ్చిన మార్క్ 3. మనోళ్లది వెడల్పు అంచున్న పాతది, మార్క్ 2, తలకిందులు పెట్టిన పళ్లెం తీరు. నా దగ్గర ఒకటి ఎక్కువుంది, వల తోటి సహా పంపిస్త, పోస్టు ఖర్చు కూడ వద్దు.

బొమ్మల_శీను
అందరికీ ఎలా చెప్పాలో తెలీట్లేదు. రైఫిల్ వచ్చింది, హెల్మెట్ వచ్చింది, రెండూ పెట్టా. బూట్లు కూడా మార్చేశా, ముందు పెట్టినవి మంచి తోలు బూట్లు, కింద మందపాటి సోల్. కాటన్ బట్టలు, క్యాన్వాస్ షూలతో కొండలెక్కారని ఎన్నోచోట్ల చదివా, అందుకని తెల్ల జేబురుమాలు గుడ్డకి ఆకుపచ్చ రంగేసి షూలు కుట్టా. పక్కన పెట్టి చూస్తే బొమ్మ ముందుకంటే పేదగా ఉంది. మొదట మనసొప్పలేదు, మనవాడిని ఇలా చూపించాలా అని. తర్వాత చాలాసేపు చూస్తే ముందు బొమ్మ ఎవరో పోస్టర్లో మనిషిలా ఉండేది, ఇతను మాత్రం నిజంగా అక్కడ ఉన్నవాడిలా ఉన్నాడు.

పాత_సుబేదార్
శీనూ ఫోటో పెద్దది చేసి చూశా. ఒక్క దిద్దుబాటు. ఎడమ చెయ్యి మరీ ముందుకు పెట్టావు, ఎస్‌ఎల్‌ఆర్ పట్టుకున్నట్టు. త్రీ నాట్ త్రీకి వెనక సైట్ కింద, మ్యాగజైన్‌కి కాస్త ముందు పట్టుకుంటారు. కుడి చెయ్యి ట్రిగ్గర్ మీద కాకుండా బోల్టు గుండు మీద పెట్టి చూడు, అరచెయ్యి తెరిచి. ఆ రైఫిల్ పట్టినవాడికి సగం టైము చెయ్యి అక్కడే ఉంటుంది. పక్కన నేల మీద రెండు మూడు ఖాళీ చార్జర్ క్లిప్పులు వెయ్యి, క్లిప్పుకి ఐదు రౌండ్లు, మ్యాగజైన్‌కి రెండు క్లిప్పులు.

మైక్రో_మహేష్
మా అబ్బాయికి ఈ ఫోటోలు చూపించా. "నాన్నా ఇది మన పోలీస్ తుపాకీ కదా" అన్నాడు, వాళ్ల తాతయ్య దగ్గర పాత ఫోటోలో చూశాడంట. రెజాంగ్ లా గురించి అడిగాడు, చెప్పా. 120 మందిలో 114 మంది పోయారంటే, వాళ్ల కంపెనీ కమాండర్ మేజర్ షైతాన్ సింగ్ గారి గురించి చెప్తే, వాడు చాలాసేపు ఏం మాట్లాడలేదు. సైనికుల దగ్గర మంచి తుపాకులు ఎందుకు లేవు నాన్నా అని అడిగాడు. శీను గారూ, ఎస్‌ఎల్‌ఆర్ ఉంచి ఉంటే వాడు ఆ ప్రశ్న అడిగేవాడు కాదు.

బొమ్మల_శీను
మహేష్ గారూ మీ మెసేజ్ మా ఆవిడకి కూడా చదివి వినిపించా.
చెయ్యి మార్చా సుబేదార్ గారూ, బోల్టు మీద పెట్టా. ఇప్పుడు రెండో బొమ్మ మొదలుపెడుతున్నా. 1963 ఫిబ్రవరిలో రెజాంగ్ లాలో శవాలను ఒక గొర్రెల కాపరి చూసి చెప్పాక మనవాళ్లు పైకెళ్తే, మంచులో చాలామంది తుపాకులు పట్టుకునే ఉన్నారు, వెయ్యి మోర్టార్ బాంబుల్లో ఏడు తప్ప అన్నీ పేల్చేశారు, మోర్టార్ జవాను చేతిలో బాంబు అలాగే ఉంది. అతన్నే చేస్తా. రెండు అంగుళాల మోర్టార్ గొట్టం 21 అంగుళాలు, మనకి 9 సెం.మీ. అవుతుంది, దానికి బాల్‌పెన్ రీఫిల్ డబ్బా సరిపోతుందేమో చూస్తున్నా. బాంబు మందం 8.5 మి.మీ. రావాలి. లత గారూ, బాంబు మీరే తిప్పి ఇవ్వాలి. వేళ్లు దాని చుట్టూ గట్టిగా మూసుకోవాలి, నా దగ్గరున్న చేతులన్నీ తెరిచే ఉన్నాయి, వేడినీళ్లలో ముంచి వంచితే విరక్కుండా వంగుతాయా? ఎవరైనా చేసి ఉంటే చెప్పండి.

కరీంనగర్_కిట్టు
వంగుతయి అన్నా. నీళ్లు పొంగకముందే దించు, వేళ్లు ముంచి ఇరవై లెక్కపెట్టు, బాంబు చుట్టూ మలిచి వెంటనే చల్లనీళ్లల్ల పెట్టు. ఒక్కో వేలు విడివిడిగ చెయ్యి, బొటనవేలు ఆఖరికి.